ఉప్పు మానేసిన పెద్దమ్మ

మార్గశిరం వచ్చిందంటే గద్వాల దగ్గరి మల్దకల్‌లో తిమ్మప్ప జాతర సందడి. ఆ చలిరాత్రుల్లో పొయ్యి ముందు చేరితే మా పెద్దమ్మ ముచ్చట రాకుండా ఉండదు. మీరూ కాస్త దగ్గరికి జరగండి, చెబుతాను.

ఆమెకు బీపీ. ఉప్పు తగ్గించమన్నారు, ఆమె మొత్తానికే మానేసింది. జొన్నరొట్టె, చప్పిడి పప్పు, పూటపూటకీ చెంబెడు నీళ్లు. వేసుకునే గోలీ ఏమో ఒంట్లోని ఉప్పును మూత్రంలో పంపేసే రకం. ఒకరోజు కన్నకొడుకునే "నువ్వెవరు బిడ్డా?" అంది. నడవబోయి తూలింది. గాలి సోకిందన్నారు కొందరు, ముసలితనమన్నారు ఇంకొందరు. గద్వాల తీసుకెళ్లి రక్తం చూపిస్తే, ఉప్పులో ఉండే సోడియం 118. ఉండాల్సింది 135 నుంచి 145.

ఉప్పంటే నాలుకకే అనుకుంటాం కదా! ఒంట్లో ఏ నీళ్లు ఎక్కడుండాలో తేల్చేది కూడా అదే. నీళ్లు ఉప్పెక్కువున్న వైపే నడుస్తాయి. రక్తంలో ఉప్పు పలచబడితే కణాల్లోకి దూరి వాటిని ఉబ్బిస్తాయి. చుట్టూ పుర్రె ఉన్న మెదడు ఉబ్బితే ఎక్కడికి పోతుంది? అందుకే మగత, తడబాటు, ముదిరితే ఫిట్స్.

తగ్గింది కదా అని గబగబా ఎక్కించినా ముప్పే, మెదడులో నరాల మీది పొర దెబ్బతింటుంది. అందుకే రోజుకు ఎనిమిది, పది పాయింట్లు దాటనీయకుండా, మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ పెంచుతారు. నాలుగోరోజు పెద్దమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

అన్నట్టు, అప్పుడెవరో ఆత్రంగా ఓఆర్‌ఎస్ అని రాసున్న తియ్యటి డబ్బా తెచ్చారు. అసలు ఓఆర్‌ఎస్ వాంతులు, విరేచనాలకు. లీటరు నీళ్లలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పొటాషియం, సిట్రేట్. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆ పేరుతో తీపి నీళ్లు అమ్మొద్దని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి తీపి నీళ్లకు ఆ పేరు వాడకాన్ని ఆపించింది. ఆ డాక్టరమ్మ ఎందరు పసిపిల్లల తల్లులకు మేలు చేశారో!

మీ ఇంట్లో అవ్వో తాతో ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే వయసు మీదికి నెట్టకండి. దవాఖానకు తీసుకెళ్లి సోడియం చూడమనండి. ఉప్పు తగ్గించమంటే ఎంతకు తగ్గించాలో అడగండి. పెద్దమ్మ ఇప్పుడు సల్లలో చిటికెడు వేసుకుంటుంది. ఆ చిటికెడు డాక్టరును అడిగి తెలుసుకున్నదే.