బోటు వెనక్కి తిప్పినవాళ్ళు

ఫిబ్రవరి 1 ఇండియన్ కోస్ట్ గార్డ్ ఆవిర్భావ దినం. 2026లో వచ్చింది యాభయ్యోది. ఆదివారం, పైగా మాఘ పౌర్ణమి. విశాఖ వెళితే నౌకలూ తెల్ల యూనిఫాం వరసలూ కనిపిస్తాయి. నేను మాత్రం బ్యాండు మేళం వినిపించని ఊళ్ళకు వెళ్ళాలనుకుని గుడివాడలో బయల్దేరాను. ఈ దళం పుట్టింది 1977లో. దివిసీమను ఉప్పెన ముంచిందీ ఆ ఏడే. ఆ రెంటినీ కలిపి చూడాలంటే కృష్ణ సముద్రంలో కలిసే చోటికే పోవాలి.

పామర్రు దాటాక నిమ్మలూరు. సుమారు 360 కోట్లతో కట్టి, 2025 అక్టోబరులో జాతికి అంకితం చేసిన భారత్ ఎలక్ట్రానిక్స్ కొత్త ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. చీకట్లో చూపునిచ్చే నైట్ విజన్ పరికరాలు ఇందులో తయారవుతాయి. సెలవు రోజు కావడంతో బయటి నుంచే చూసి కదిలాను. దీని వేరు బందరులో ఉంది. 1926లో అక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో బీఈఎల్ తనలో కలుపుకుంది. సరిహద్దు ముఖం ఎన్నడూ చూడని బందరు పనివాళ్ళు అద్దాలు సానబట్టి సైనికుడికి కళ్ళయ్యారు.

బందరు రేవు కోసం దండులు చాలానే కొట్టుకున్నాయి. డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు అందరూ ఇక్కడ జెండాలు పాతినవారే. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి చేతిలోంచి కోటను లాక్కున్నాడు. రేవులో బతికే పడవవాళ్ళను కాపాడడం కూడా తన పనే అని చెప్పుకున్న దళం రావడానికి మాత్రం మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. 1978 ఆగస్టులో వచ్చిన కోస్ట్ గార్డ్ చట్టం ఆ దళం విధుల్ని వరసగా చెబుతుంది. దొంగ రవాణాను అడ్డుకోవడం, సముద్రం కలుషితం కాకుండా చూడడం వంటివాటితో పాటు, ఆపదలో ఉన్న మత్స్యకారులకు సాయం చేయడమూ అందులో ఉంది.

గిలకలదిండి హార్బర్‌లో పండగ కళ. చాలా బోట్లు కట్టేసి ఉన్నాయి. పౌర్ణమి పోటుకి నీళ్ళు బాగా ఎక్కాయి. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక సరంగు పక్కన కూర్చుని, కోస్ట్ గార్డ్‌ని ఎప్పుడైనా చూశారా అని అడిగాను.

"చూడకేం బాబూ, వాయుగుండం పట్టిందంటే చాలు, విమానం నెత్తి మీద తిరిగిద్ది. ఒడ్డుకి పొమ్మని చెప్తారు. పోతాం."

"విసుగు రాదా?"

"వచ్చిద్ది. ఐసు నింపుకుని, ఆయిలు కొట్టించుకుని పోయినోళ్ళం. వల దించకుండా తిరిగొస్తే ఆ డబ్బెవరిస్తారు? అయినా తిప్పుతాం. మొన్న మొంథాకి రెండ్రోజుల ముందే బోటు లోపలికి తెచ్చి కట్టేశాం."

మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురానికి దక్షిణంగా తీరం దాటింది. ఇలాంటప్పుడు కోస్ట్ గార్డ్ నౌకలూ డోర్నియర్ విమానాలూ ముందుగానే బయల్దేరి, వేటలో ఉన్న బోట్లను రేడియోలో హెచ్చరిస్తూ ఒడ్డుకు మళ్ళిస్తాయి. నడిసముద్రంలో ఇంజను ఆగినా, మనిషికి గుండెనొప్పి వచ్చినా కోస్ట్ గార్డ్ సహాయ నంబరు 1554కు కబురు అందిస్తే చాలు. 2008 ముంబై దాడికి వచ్చినవాళ్ళు ఒక చేపల బోటునే హైజాక్ చేశారు. ఆ తర్వాత నుంచి సరంగు జేబులో గుర్తింపు కార్డు, బోటుకు రిజిస్ట్రేషన్ నంబరు, హార్బర్ దగ్గర మెరైన్ పోలీసుల తనిఖీ మామూలైపోయాయి. ఒడ్డుకు దగ్గర మెరైన్ పోలీసులు, లోపలికి పోతే కోస్ట్ గార్డ్, ఆపైన నౌకాదళం. ఈ మూడింటికీ సముద్రం మీద కొత్త మనిషి కనిపిస్తే ముందు కబురందించాల్సింది మళ్ళీ ఈ సరంగే. జీతం లేని కాపలా అది.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరాను. అక్కడ ఉప్పెన మృతుల స్మారకం ఉంది. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళ మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కలోనే చనిపోయినవారు పది వేల దాకా ఉన్నారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ, పునర్నిర్మాణ పనులకు ముందు నిలబడ్డారు. అప్పటికి కోస్ట్ గార్డ్ తొమ్మిది నెలల పసిది. నౌకాదళం ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లు, ఐదు గస్తీ బోట్లు, అంతే దాని ఆస్తి. దేశం తీరమంతటికీ ఏడు నౌకలు. దివిసీమకు అది ఏం చేయగలదు? ఈనాడు దానికి 150కి పైగా నౌకలు, 70కి పైగా విమానాలు, హెలికాప్టర్లు ఉన్నాయి. కృష్ణకు ఆవలి ఒడ్డు దాటితే నిజాంపట్నంలోనే ఒక స్టేషన్ ఉంది. బందరులో వాతావరణ శాఖ రాడార్ ఉంది. 1977 నాటి ఉప్పెన మళ్ళీ రాదని ఎవరూ అనరు. చెప్పాపెట్టకుండా మాత్రం రాలేదు.

కోడూరు దాటితే హంసలదీవి. వేణుగోపాలస్వామి కల్యాణోత్సవాలు, పౌర్ణమి స్నానాలు. ట్రాక్టర్లలో, ఆటోల్లో జనం సాగర సంగమం వైపు కదులుతున్నారు. పాలకాయతిప్ప మెరైన్ పోలీసులు మైకులో లోతుకు పోవద్దని అరుస్తున్నారు. గజ ఈతగాళ్ళు నీళ్ళలో నిలబడి పిల్లల్ని వెనక్కి తోస్తున్నారు. అక్కడ భార్యతో స్నానానికి వచ్చిన ఒక పెద్దాయన మాటల్లో దొరికాడు. కోస్ట్ గార్డ్‌లో నావిక్‌గా చేరి, ప్రధాన్ నావిక్‌గా రిటైరయ్యాడట. ఇవాళ మీ దళం పండగ కదా అంటే నవ్వాడు.

"మా పనికి సాక్షులుండరండీ. మునిగిన వాణ్ణి పైకి తీస్తే ఫొటో వస్తుంది. బోటు మునగక ముందే వెనక్కి పంపిస్తే లాగ్ బుక్‌లో ఒక్క లైను."

దళం మొదలైనప్పటి నుంచి సముద్రం మీద 11 వేల మందికి పైగా ప్రాణాలు కాపాడామని కోస్ట్ గార్డ్ చెబుతుంది. అవి లెక్కకు అందిన ప్రాణాలు. చెప్పిన మాట విని ముందే ఒడ్డు చేరినవారు ఆ పద్దులో ఎక్కరు. ఎందుకంటే వారికేమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడం వెనక ఇద్దరున్నారు. ఎగిసే అల మీద నిలబడి వెళ్ళిపొమ్మని చెప్పిన నావిక్ ఒకడు. ఐసు కరిగిపోతున్నా, ఆయిలు అప్పు తీరకపోయినా ఆ మాట విన్న సరంగు ఇంకొకడు. మొదటివాడికి జీతమూ పతకమూ ఉన్నాయి. రెండోవాడికి ఆ రోజు నష్టమే మిగులుతుంది.

2027 ఫిబ్రవరి 1కి కోస్ట్ గార్డ్‌కు యాభై ఏళ్ళు నిండుతాయి. అదే ఏడాది నవంబరు 19కి ఉప్పెనకూ యాభై. ఒకటి విశాఖలో సంబరం, ఒకటి అవనిగడ్డలో సంతాపం అన్నట్టు విడివిడిగా జరిగిపోతే పొరపాటే. దివిసీమలోనే ఒక సభ పెట్టి, నావిక్‌నీ సరంగునీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా ఇద్దరికీ కప్పాలి. హెచ్చరిక విని ఖాళీ బోటుతో తిరిగొచ్చిన వాడికి ఆ రోజు ఆయిలు ఖర్చయినా ఇచ్చే ఏర్పాటును అదే వేదిక మీద ప్రకటిస్తే, ఆ శాలువాకు అర్థం ఉంటుంది.