లాగుతుందా అని అందరూ అడిగారు

మా పాత జీపు వెనకాల బోటు కట్టుకుని గట్టు మీద వెళ్తుంటే చూసి చాలామంది అడుగుతున్నారు, ఎలా చేయించావు, ఎంతయింది, నిజంగా లాగుతుందా అని. ఎలాగూ వరదల సీజను వస్తోంది కాబట్టి అంతా ఒకసారి రాసేస్తున్నాను. కాస్త పొడుగే. ఓపిగ్గా చదవండి.

మా ఊరు గట్టుకి లోపల. చేను మాత్రం వైనతేయ పాయకి అవతల లంకలో. అరటి, కొబ్బరి, కాస్త కూరగాయలు, పశువుల పాక అన్నీ అక్కడే. ఎండాకాలం ఇసకలోంచి నడిచి వెళ్ళిపోతాం. వానాకాలం బోటే దిక్కు.

2022 జూలై మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెద్ద వరదంటే మా వాళ్ళందరి లెక్క ఆగస్టు. 86 వరదా ఆగస్టే, 90 వరదా ఆగస్టే. అందుకని మా బోటు ఇంకా గట్టు లోపల కొబ్బరి తోటలో షెడ్డు కిందే ఉంది. ట్రాక్టరేమో ఎండాకాలం లంకలోకి తోలింది తోలినట్టు అక్కడే ఉండిపోయింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. 1986లో 75.6 వచ్చాక మళ్ళీ అంతెత్తు రావడం అదే. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు.

మా పాయ పొంగడం దానికి ముందే మొదలైంది. సాయంత్రం చూస్తే రేవు మెట్లు కనపడుతున్నాయి, చీకటి పడేసరికి లేవు. బోటుకీ రేవుకీ మధ్య అర కిలోమీటరు బురద. పన్నెండు మందిమి భుజాల మీద మోసుకెళ్ళాం. పది అడుగులు వేయడం, దింపడం, మళ్ళీ ఎత్తడం. మూడు గంటలు పట్టిందండి. మేం అవతలకి చేరేసరికి పాకలో గేదెల మెడ దాకా నీళ్ళున్నాయి. నాలుగిట్లో రెండే మిగిలాయి. గేదె ఈదగలదు. వదిలేస్తే ఏదో ఒక ఒడ్డుకి చేరేది. పలుపులతో కట్టేసి ఉండబట్టే పోయాయి. నాన్నగారు ఆ రెండు పలుపులూ కోసి తెచ్చి ఇంట్లో దూలానికి వేలాడదీశారు. ఎవర్నీ ఒక్క మాటనలేదు.

నెల తర్వాత పాత జీపు కొంటామని ఎవరో వస్తే ఆయనే పంపించేశారు. మహీంద్రా ఎం.ఎం. 540. ప్యూజో డీజిల్ ఇంజను, ఫోర్ బై ఫోరు. ఆయన వయసులో ఉండగా కొన్న బండి. "దీన్ని అమ్మకురా. బోటు లాగేలా చేయించు" అన్నారు.

ట్రాక్టరుతో లాగొచ్చు కదా అని మీరంటారు. లాగొచ్చు. కానీ మాది టూ వీల్ డ్రైవు ట్రాక్టరు, నీటి అంచున బురదలో వెనక చక్రాలు దిగిపోతాయి. పైగా బోటు దింపాక ముసలివాళ్ళని, పిల్లల్ని అదే బండిలో ఎక్కించి శిబిరానికి తీసుకెళ్ళాలి. దానికి జీపే నయం.

ముందు హుక్కు సంగతి. నేను తెలివి తక్కువగా వెనక బంపరుకే వెల్డింగు పెట్టించేద్దామనుకున్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. "ఏవండీ, బంపరు అందానికండి. బరువు చాసీ మీద పడాలి" అని చాసీ రెండు పక్కలకీ అడ్డంగా మందపాటి కమ్మీ వేసి, బోల్టులతో బిగించి, దాని మధ్యలో హుక్కు పెట్టాడు. హుక్కు ఊడినా ట్రైలరు వదిలిపోకుండా రెండు గొలుసులు అడ్డంగా వేశాడు.

ట్రైలరు, పద్దెనిమిది అడుగుల ఫైబరు బోటు, దాని ఇంజను, పెట్రోలు డబ్బా, గెడలు, తాళ్ళు అన్నీ కలిపి కాటా వేయిస్తే 740 కేజీలు వచ్చింది. మొదటిరోజు గట్టు మీద నలభై స్పీడుకి వచ్చేసరికి ట్రైలరు వెనకాల చేప తోకలా ఊగడం మొదలుపెట్టింది. స్టీరింగు చేతిలో నిలవట్లేదు. మెల్లగా యాక్సిలరేటరు వదిలేస్తే సర్దుకుంది. ఇంటికొచ్చి ట్రైలరు ముక్కుని ధాన్యం తూచే కాటా మీద పెట్టి చూస్తే పాతిక కేజీలే ఉంది. మొత్తం బరువులో సుమారు పదో వంతన్నా హుక్కు మీద పడాలట. బరువంతా వెనక్కి ఉంటే ఊగుతుంది. మరీ ముందుకి ఉంటే జీపు వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలికైపోతాయి, అప్పుడు స్టీరింగు పని చేయదు. బోటుని మూరెడు ముందుకి జరిపి కట్టాం, 75 వచ్చింది. ఊగడం పోయింది. వెనక కమాన్లలో ఒక్కో పట్టీ అదనంగా వేయించాను. అంతకంటే ఎక్కువ వేస్తే బోటు లేనప్పుడు మన నడుం పోతుంది.

అప్పటికి అయిన ఖర్చు తొమ్మిది వేలు. చూసినవాళ్ళందరూ అడిగింది ఒకటే, "లాగుతుందా?" అని. లాగింది. లో గేరులో ఫోర్ బై ఫోరు వేస్తే మా రేవు బురదలోంచి బోటుని పైకి తెచ్చేసింది. చూసి మురిసిపోయాను. ఆగుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

2023 జూన్‌లో ఒకరోజు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని రేవుకి వెళ్ళాను. బోటు రెండుసార్లు దింపి, రెండుసార్లు ఎక్కించాం. జీపు వెనక చక్రాలు సగం దాకా మునిగాయి. గట్టెక్కి, ఊరి వైపు వాలులోకి తిప్పాను. బ్రేకు తొక్కితే పెడలు దిగుతోంది, బండి ఆగట్లేదు. డ్రమ్ముల్లోకి నీళ్ళు వెళ్ళిపోయాయి, లైనర్లు పట్టట్లేదు. వెనకనుంచి 740 కేజీలు తోస్తోంది. వాలు చివర తూము దగ్గర ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లలు, సైకిళ్ళ మీద, ముగ్గురు.

హారన్ కొడుతూనే గేరు కిందికి లాగాను, హ్యాండ్ బ్రేకు ఎత్తాను. ఏదీ సరిపోలేదు. పక్కన కొబ్బరి డొక్కల గుట్ట కనపడితే అందులోకి తిప్పేశాను. జీపు డొక్కల్లో దిగబడి ఆగింది. ట్రైలరు పక్కకి మడతపడి హుక్కు వంగిపోయింది. పిల్లలు సైకిళ్ళు పడేసి చేలోకి దూకేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్నగారి చెయ్యి మాత్రం ముందు రేకుకి కొట్టుకుని వాచింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అన్నారు, "లాగడం నేర్పావు దానికి. ఆగడం ఎప్పుడు నేర్పుతావురా?" అని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. గేదెల్ని కాపాడటానికి చేయించిన బండితో పిల్లల ప్రాణాలు తీసుండేవాణ్ణి. మర్నాడు ఆ మూడిళ్ళకీ వెళ్ళి తప్పు నాదేనని చెప్పుకున్నాను.

ఆ ఏడాది అరటి గెలల డబ్బులు చాలావరకు బ్రేకులకే పోయాయి, ముప్పై ఎనిమిది వేలు. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, పైపులు అన్నీ కొత్తవి. ముందు చక్రాలకి డిస్కులు. డిస్కు తడిసినా త్వరగా ఆరుతుంది, డ్రమ్ములో నీళ్ళు నిలబడతాయి. దానికి బూస్టరు. డీజిల్ ఇంజనుకి పెట్రోలు ఇంజనుకిలా సొంతంగా వాక్యూమ్ రాదు, అంచేత వాక్యూమ్ పంపున్న ఆల్టర్నేటరు వేయాల్సి వచ్చింది. ట్రైలరుకి కూడా విడిగా బ్రేకు పెట్టించాం. జీపు ఆగినప్పుడు ట్రైలరు ముందుకి తోస్తుంది కదా, ఆ తోపుకే దాని బ్రేకు పడుతుంది. రివర్సు చేసేటప్పుడు మాత్రం దానికి లాకు వేయాలి, లేకపోతే వెనక్కి కదలదు.

అనుభవం మీద తెలిసినవి ఇంకొన్ని:

రేవుకి వెళ్ళగానే ట్రైలరుని నీళ్ళలోకి దింపకండి. హబ్బులు వేడిగా ఉంటాయి. ఒక్కసారిగా చల్లబడితే లోపలికి నీళ్ళు పీల్చుకుని బేరింగులు పోతాయి. చెయ్యి పెట్టి చూసి, చల్లారాక దింపండి.

జీపు యాక్సిల్‌కి గాలి వెళ్ళే చిన్న రంధ్రం ఉంటుంది. మాకు దాంట్లోంచి నీళ్ళు వెళ్ళి గేరాయిలు పాలు పోసిన టీలా అయిపోయింది. దానికి రబ్బరు పైపు తగిలించి పైకి, బాడీలోకి తీసుకెళ్ళాం.

నీళ్ళలోంచి వచ్చాక కొంచెం దూరం బ్రేకు మెల్లగా తొక్కి పట్టుకుని నడపండి. లైనర్లు ఆరతాయి. వాలు దిగేముందు ఒకసారి ఆపి చూసుకోండి.

తారు రోడ్డెక్కగానే ఫోర్ బై ఫోరు తీసేయండి. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకేలా తిరగవు, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

రివర్సు రాకపోతే కళ్ళంలో ఖాళీ ట్రైలరుతో నేర్చుకోండి. స్టీరింగు కింద భాగం పట్టుకుని, ట్రైలరు ఎటు వెళ్ళాలో చెయ్యి అటు జరపండి.

ఇంకో మాట. ట్రైలరు కూడా చట్టం ప్రకారం వాహనమే, రిజిస్ట్రేషను ఉండాలి. నేను మొదట చేయించలేదు, అది నా తప్పే. బండికి మార్పులు చేసేముందు రవాణా ఆఫీసులో అడగండి. ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా చేయకూడదు.

ఇప్పుడు ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక, అంటే 11.75 అడుగులు అనగానే బోటు రేవులో ఉంటుంది. షెడ్డు నుంచి నీళ్ళ దాకా ఇరవై నిమిషాలు. పోయిన సీజనులో మా గేదెలతోపాటు పక్కవాళ్ళ పశువుల్ని కూడా ముందురోజే ఇవతలకి చేర్చేశాం. లంకలో ఏ పాకలోనూ రాత్రిపూట పలుపు ముడి వేయడం లేదిప్పుడు, లాగితే ఊడేలా కడుతున్నాం. అది నాన్నగారి మాట.

ఆ రెండు పలుపులు ఇంకా దూలానికే ఉన్నాయి. తీసేద్దామంటే ఆయన ఒప్పుకోరు.

మీలో ఎవరైనా బండికి బోటు గానీ ట్రక్కు గానీ కట్టుకుంటుంటే, ఈ వారంలోనే ఒకసారి బరువుతో వాలు దిగి చూడండి. అదీ ఎవరూ లేనిచోట. ఉంటానండి.