గోడెక్కని పిల్లి

మా బుజ్జి గోడెక్కడం మానేసింది. 'వయసైపోయిందిలే' అనుకున్నా. ఎత్తుకోబోతే అరిచి రక్కింది. నొప్పేమోనని పారాసెటమాల్ ముక్క పాలల్లో కలపబోయి, ఎందుకో ఆగి డాక్టరుగారికి ఫోన్ చేశా. 'వేసేశారా?' అన్నారాయన కంగారుగా. పిల్లులకది విషమట!

ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఎమ్మారైలో తేలింది... వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి వెన్నుపామును నొక్కుతోందని. కుక్కల్లో మామూలే, పిల్లుల్లో అరుదు. కాళ్లలో స్పర్శ ఉంది కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు. పిల్లులకిచ్చే నొప్పి మందు, ఆరువారాలు బోనులో విశ్రాంతి. అంతే.

రాత్రిళ్లు అది అరుస్తుంటే తలుపు తీసేద్దామనిపించేది. అమ్మ తాళంచెవి దాచేసింది.

ఏడోవారం బయటికొచ్చిన బుజ్జి గోడ వంక చూసి, నా వంక చూసింది. లేచి పీట వేశాను.