10 మంది, 12 రోజులు, ఒక గోడ

మొన్న మా అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది. "నాన్నా, 10 మంది ఒక గోడని 12 రోజుల్లో కడితే 15 మంది ఎన్ని రోజుల్లో కడతారు?"

విలోమానుపాతం. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గడం ఒక్కటే చాలదు, రెండిటి లబ్ధం కదలకుండా ఉండాలి. కిటుకంతా అక్కడే. 10×12 అంటే 120. దాన్ని 15తో భాగిస్తే 8.

"అయితే 120 మంది వస్తే ఒక్కరోజులో అయిపోతుందా?"

"లెక్క ప్రకారం అంతే" అనేసి నాలిక్కరుచుకున్నాను.

ఒకప్పుడు మా మేనేజరూ ఇదే లెక్క వేశాడు మరి. నలుగురం చేస్తున్న పని ఆలస్యమవుతోందని ఇంకో నలుగుర్ని తెచ్చి కూర్చోబెట్టాడు. వాళ్ళకి కోడ్ అర్థమయ్యేలా చెప్పడానికే మాకు మూడు వారాలు పట్టింది. పైగా నలుగురుంటే మాట్లాడుకోవాల్సిన జంటలు 6, ఎనిమిది మందైతే 28! మనుషులు పెరిగిన కొద్దీ ఆ కదలకూడని లబ్ధమే పెరుగుతూ పోయింది. రిలీజు ఇంకా వెనక్కెళ్ళింది. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ ఈ సంగతి 1975లోనే 'ది మిథికల్ మ్యాన్-మంత్'లో రాశాడు. మావాడు చదివాడో లేదో (చదివినవాళ్ళూ చేసేది ఇదేననుకోండి, పైవాళ్ళకి ఏదో ఒకటి చేసినట్టు కనపడాలిగా).

ఈ పిల్ల పుట్టింది సరిగ్గా ఆ నెలలోనే. నేను ఊరెళ్ళి మొహం చూసింది మూడోరోజున.

అదంతా ఇప్పుడెందుకని చెప్పలేదు. "15 మందీ ఒకేలా పనిచేస్తారా నాన్నా?" అంటే, "చేస్తారనుకో తల్లీ" అని 8 వేయించాను.