నర్స్ ప్రాక్టిషనర్ చదువు: ఫీజు వెనక ఉన్న అసలు ఖర్చు

అమెరికాలో తక్కువ డబ్బుతో నర్స్ ప్రాక్టిషనర్ కావాలనుకునే నర్సు ముందు తేల్చుకోవలసింది శాఖ. కాలేజీ సంగతి ఆ తర్వాతే. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ పిల్లల వైద్యంతో మొదలుపెట్టిన ఈ చదువు ఇప్పుడు ఫ్యామిలీ, పెద్దలు-వృద్ధులు, పిల్లలు, నవజాత శిశువులు, స్త్రీల ఆరోగ్యం, మానసిక వైద్యం అని విడిపోయింది. ఏ శాఖ చదివితే ఆ శాఖ సర్టిఫికేషన్ పరీక్షే రాయాలి. ఫ్యామిలీ చదివి, తర్వాత మానసిక వైద్యానికి మారాలంటే మళ్లీ ఫీజు కట్టాలి, మళ్లీ క్లినికల్ గంటలు పూర్తిచేయాలి. ఇంతకు మించిన దండగ ఖర్చు ఈ చదువులో లేదు. నవజాత శిశువుల శాఖ ఉద్యోగాలు పెద్ద ఆసుపత్రులున్న ఊళ్లలోనే దొరుకుతాయి. చిన్న ఊరు వదలలేని వారికి ఫ్యామిలీ శాఖే క్షేమం.

కాలేజీలు క్రెడిట్‌కు ఇంత అని ధర చెబుతాయి. ఉదాహరణకు 48 క్రెడిట్లు, క్రెడిట్‌కు 650 డాలర్లు అనుకుంటే ఫీజు 31,200 డాలర్లు. కనిపించని ఖర్చు క్లినికల్ గంటల్లో ఉంది. 2022 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం రోగుల దగ్గర నేరుగా కనీసం 750 గంటలు పనిచేయాలి. ఇది పన్నెండు గంటల షిఫ్టులు 62కు పైనే. గంటకు 40 డాలర్లు సంపాదించే నర్సు అన్ని షిఫ్టులు వదులుకుంటే పోయే జీతం దాదాపు 30 వేల డాలర్లు, అంటే మరో ఫీజు!

ఆ గంటలు చేయించే ప్రిసెప్టర్‌ను వెతికే పని చాలా ప్రోగ్రాములు విద్యార్థి మీదే వదిలేస్తాయి. దొరక్కపోతే సెమిస్టరు వెనక్కి పోతుంది, లేదా మధ్యవర్తి సంస్థకు డబ్బు కట్టాలి. ఫీజు వసూలు చేసే కాలేజీ ఈ భారం విద్యార్థి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. క్రెడిట్ ధర కాస్త ఎక్కువైనా, ప్రిసెప్టర్‌ను తానే చూపించే కాలేజీయే చివరికి చవక.

డబ్బు సమకూర్చుకోవడంలో మొదట అడగాల్సింది పనిచేస్తున్న ఆసుపత్రిని. యజమాని చదువుకిచ్చే సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఫెడరల్ ఆదాయపన్ను ఉండదు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు చేసేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ విద్యారుణాలు లేవు. హెచ్-1బి, హెచ్-4 వీసాల మీదున్న తెలుగు నర్సులకు ఫెడరల్ విద్యారుణాలు అసలే రావు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవారు వైద్య సిబ్బంది కొరత ఉన్న ఆరోగ్య కేంద్రాల్లో రెండేళ్లు పనిచేసే ఒప్పందంతో నర్స్ కోర్ పథకానికి దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే అర్హత ఉన్న విద్యారుణంలో 60 శాతం తీరుతుంది.

చేరే ముందు ప్రోగ్రాముకు గుర్తింపు ఉందా, ఉంటున్న రాష్ట్రం దాన్ని ఒప్పుకుంటుందా అని తప్పక చూసుకోవాలి. ప్రిసెప్టర్‌ను ఎవరు చూపిస్తారో కాలేజీ చేత రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే అడ్మిషన్ డబ్బు కట్టండి.