అమ్మ చేసే యాపిల్ 'కంబల్'

మన ఇళ్ళల్లోకి యాపిల్ పండు ఎప్పుడొస్తుందో చెప్పండి? ఎవరికైనా ఒంట్లో బాగా లేనప్పుడే కదా! మామిడిపండు, సీతాఫలం మనం తినడానికి కొంటాం. యాపిల్ మాత్రం ఎవరినో చూడబోతూ కొంటాం. మా నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఎటు చూసినా ఆసుపత్రులే. అక్కడ పండ్ల బండి దగ్గర ఆగితే చాలు, "పేషెంటుకా అమ్మా?" అని అడిగి మరీ తూస్తారు.

2016 జనవరిలో మా బాపు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ షుగర్ వల్ల మానక పుండయింది. ఆయనతో పనిచేసినవాళ్ళు బోధన్ నుంచి బస్సెక్కి వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కవరు, కవరులో అర డజను యాపిల్స్. వచ్చి కూర్చున్నాక మాటలు మాత్రం బాపు కాలి గురించి కాదు, ఫ్యాక్టరీ గురించి. అంతకు ముందు నెలలోనే, 2015 డిసెంబరులో, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది మరి. 1937లో నిజాం కాలంలో మొదలైంది. నిజాంసాగర్ నీళ్ళు, ఆ నీళ్ళతో పండిన చెరుకు దానికి ప్రాణం. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళం. 2002లో ప్రైవేటువాళ్ళ చేతికి వెళ్ళింది. చెరుకు బండ్లు బారులు తీరాల్సిన చలికాలంలోనే అది ఆగిపోవడం మావాళ్ళెవరికీ మింగుడు పడలేదు.

బాపు 1999లోనే రిటైరయ్యాడు. అయినా ఆ మాటలు విన్నప్పటి నుంచి ముద్ద ముట్టడం మానేశాడు. "నోరు సైస్తలేదు" అనేవాడు. ఇంటికి తీసుకొచ్చేసరికి వంటింట్లో మూడు బుట్టల యాపిల్స్. సగం మెత్తబడి, కొరికితే పిండిలా ఉన్నాయి. పారేయడానికి అమ్మకు చేతులు రాలేదు. "కంబల్ చేస్త" అంది.

ఈ కంబల్ సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు మేం ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. సీజన్ మొదలైందంటే ఊరంతా మొలాసిస్ వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకు మాత్రం అదే పండగ వాసన. బొంబాయి నుంచి వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్య దగ్గర గుండ్రటి కరెంటు ఓవెన్ ఉండేది, మూత మధ్యలో అద్దం పెట్టి. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు హిందీ అంతంతమాత్రం. అమ్మ ఆవిడకు సకినాలు చుట్టడం నేర్పితే, ఆవిడ అమ్మకు యాపిల్ క్రంబుల్ నేర్పింది. అమ్మ చెవికి అది 'కంబల్' అని వినబడింది. పండు ముక్కల మీద పిండి దుప్పటిలా కప్పి ఉంటుంది కాబట్టి పేరు సరిపోయిందనే అనుకుందట! ఇంగ్లండులో రెండో ప్రపంచయుద్ధం నాటి రేషన్ రోజుల్లో, పిండి, వెన్న తక్కువ పడుతుందని ఇది ఇంటింటా చేసుకునేవారంటారు. ఉన్నదాంతో సరిపెట్టుకునే వంట కాబట్టే మా అమ్మకు అంతగా నచ్చి ఉంటుంది.

మాకు ఓవెన్ ఎక్కడిది? ఇసుక పొయ్యే. మీరూ అలాగే చేసుకోవచ్చు. మందపాటి పాత అల్యూమినియం గిన్నెలో రెండు అంగుళాల ఎత్తున పొడి ఇసుక పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పదిహేను నిమిషాలు పెద్ద మంట మీద కాగనివ్వాలి. పాత కుక్కరైతే గాస్కెట్, వెయిట్ తప్పకుండా తీసేయండి. నీళ్ళు పోయకూడదు.

ఈలోగా నాలుగు యాపిల్స్ చెక్కు తీసి, గింజలున్న నడిమి భాగం తీసేసి, చిన్న ముక్కలు కోయండి. వెంటనే ఒక చెక్క నిమ్మరసం పిండండి. ముక్కలు నల్లబడకుండా ఉండటానికే కాదు, మనకు దొరికే యాపిల్స్‌లో పులుపు తక్కువ, అది లేకపోతే ఈ వంట చప్పగా ఉంటుంది. రెండు చెంచాల చక్కెర, చిటికెడు దాల్చినచెక్క పొడి కలిపి, నెయ్యి రాసిన స్టీలు గిన్నెలో సర్దండి. పండు మెత్తబడినదైతే చుక్క నీరు కూడా వద్దు, దాని రసమే ఎక్కువ.

పైన దుప్పటికి ఒక కప్పు గోధుమపిండి, పావు కప్పు చక్కెర, చిటికెడు ఉప్పు, పేరుకున్న నెయ్యి నాలుగు పెద్ద చెంచాలు. వేళ్ళ కొసలతో నలపాలి తప్ప ముద్ద చేయకూడదు. గట్టిగా పిసికితే పైన రొట్టె తయారవుతుంది. ఇసుక పొయ్యిలో వేడి కింది నుంచే వస్తుంది కదా, అందుకే పైభాగం ఎర్రబడక తెల్లగా ఉండిపోతుంది. ఆఫీసరమ్మ ఓవెన్‌లో వచ్చిన రంగు తన గిన్నెలో రావడం లేదని అమ్మ కొన్నాళ్ళు బాధపడింది. తర్వాత తనే ఉపాయం కనిపెట్టింది. చక్కెర కలపకుండా ముందు పిండిని నెయ్యితో నలిపి, మూకుడులో సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, దించి చల్లారాక చక్కెర కలిపేది. ఇసుక వాడేవాళ్ళకు ఇదే మంచి పద్ధతి. ఆ పొడిని ముక్కల మీద వదులుగా చల్లి, గిన్నెను స్టాండు మీద పెట్టి, మూతపెట్టి, తగ్గించిన మంట మీద నలభై నిమిషాలు ఉంచండి. అంచుల్లో రసం ఉడుకుతూ కనిపిస్తే అయినట్టే. ఓటీజీ ఉన్నవాళ్ళకు ఈ వేయించే తిప్పలు లేవు, 180 డిగ్రీల దగ్గర ముప్పై అయిదు నిమిషాలు చాలు.

ఆ రోజు అమ్మ రెండు గిన్నెలు పెట్టింది. ఒకటి మాకు. ఇంకోటి బాపుకు, చక్కెర బొత్తిగా లేకుండా. "పండు కొంచెం తినొచ్చు, చక్కెర మాత్రం వద్దు" అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. వాసనకు బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండు గిన్నెలూ చూసి, మా గిన్నె వైపే చెయ్యి చాపాడు.

"అది కాదు" అంది అమ్మ.

బాపు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "చక్కెర డబ్బా తే బిడ్డా" అన్నాడు నాతో. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ ఏమీ అనలేదు, తెచ్చి ఇచ్చాను.

బాపు పనిచేసింది పాన్ హౌస్‌లో. చెరుకు రసం పాకమై, పాకంలోంచి గింజ కట్టేది అక్కడే. మరుగుతున్న పాకంలోంచి కొంచెం తీసి గాజుముక్క మీద పరిచి, వెలుతురుకు పట్టి గింజ ఎంత పెరిగిందో చూస్తారు. ముప్ఫై ఏండ్లు అదే పని. ఇప్పుడూ చిటికెడు చక్కెర అరచేతిలో పోసుకుని, కిటికీ వైపు తిరిగి, వేలితో పరిచి చూశాడు.

"గిది మనదేనా?"

"మనదే" అంది అమ్మ. వారం కింద కిరాణా దుకాణంలో నేనే కొన్నాను. ఏ ఫ్యాక్టరీదో నాకే తెలియదు, అమ్మకెలా తెలుస్తుంది?

బాపు ఇంకాసేపు చూశాడు. "గింజ మంచిగుంది" అన్నాడు. అరచేతిలోది ఒక్క పలుకు కూడా కింద పడకుండా మళ్ళీ డబ్బాలోకి ఒంపి, చక్కెర లేని గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. నాలుగు చెంచాలు తిన్నాడు. వారం రోజుల్లో ఆయన కడుపు నిండా తిన్నది అదే. "దాల్చినచెక్క జర ఎక్కువైంది" అని వంక కూడా పెట్టాడు. అమ్మకు ఆ వంకే వరమైంది. బయటికెళ్ళి కళ్ళు తుడుచుకొచ్చింది.

కాలు నిలబడింది. ఆ తర్వాత మూడేండ్లు ఉన్నాడు బాపు. ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తారన్న మాట ఎక్కడ విన్నా ఇంటికొచ్చి చెప్పేవాడు. బోధన్ వైపు చెరుకు వేసేవాళ్ళు చాలామంది వరికి మళ్ళారని మాత్రం చెప్పేవాడు కాదు. బస్సులో వెళ్తూ కిటికీలోంచి మేమే చూసేవాళ్ళం.

ఇప్పుడు అమ్మకూ షుగరొచ్చింది. మా ఇంట్లో కంబల్ ఇప్పటికీ రెండు గిన్నెల్లోనే అవుతుంది, రెండోది ఆమెది. చెంచాడు ఉత్త పెరుగు పక్కన పెట్టుకుని తింటుంది. యాపిల్ తీపి, గోధుమపిండి ఎలాగూ ఉంటాయి కాబట్టి ఒక చిన్న కప్పుకు మించి పెట్టను. అన్నట్టు, చక్కెర మానేశాం కదా అని అందులో ఖర్జూరాలో, బెల్లమో వేయమని ఎవరైనా చెబితే వినకండి. అవీ తీపే!