పాపాయి గడియారంతో పూరీ ప్రయాణం
విశాఖ నుంచి తీరం వెంట కారులో వెళ్లాలంటే తగ్గించుకోవాల్సింది రాత్రి బసలను కాదు, చూడాల్సిన చోట్ల జాబితాను

రాత్రి భోజనాలయ్యాక విశాఖపట్నంలో చాలా ఇళ్లలో జరిగే చర్చే ఇది. కారుంది. పూరీ జగన్నాథుణ్ని చూపించమని నాయనమ్మ ఎప్పటినుంచో అడుగుతున్నారు. దూరం సుమారు 440 కిలోమీటర్లు. రాత్రి 10 గంటలకు బయల్దేరితే తెల్లారేసరికి పూరీలో ఉండొచ్చు, ఒక రోజు గది అద్దె మిగులుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ అందులో ఒకరు లేరు. వెనక సీట్లో నిద్రపోతుందని అందరూ నమ్ముతున్న రెండేళ్ల పాప.

ఆ పాప నిద్రపోవచ్చు, పోకపోనూ వచ్చు. రోజంతా పనిచేసి స్టీరింగ్ పట్టుకున్న తండ్రికి తెల్లవారుజామున మూడింటికి కునుకు రాదన్న హామీ లేదు. జాతీయ రహదారి పక్కన లైట్లు లేకుండా ఆగి ఉండే లారీల గురించి ఈ దారిలో తిరిగేవాళ్లందరికీ తెలుసు. గది అద్దె మిగుల్చుకోవడానికి చేసే రాత్రి ప్రయాణమే ఈ యాత్రలో అన్నిటికంటే ఖరీదైన పొదుపు.

రెండో పొదుపు కారు సీటు దగ్గర. నాయనమ్మ ఒడి ఉండగా వేరే సీటెందుకన్నది సాధారణంగా వినిపించే మాట. 12 కిలోల పాపను సడన్ బ్రేకు పడినప్పుడు ఎవరి చేతులూ ఆపలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1,000 రూపాయల జరిమానా. కొత్తది కొనలేకపోతే బంధువుల దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. అయితే ప్రమాదానికి గురైన కారులోంచి తీసిన సీటు పనికిరాదు.

ఇక తేదీలు. ఈ తీరానికి అక్టోబరు అచ్చిరాలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఫణి 2019 మే నెలలో పూరీని ముంచెత్తింది. ఎండ, గాలివాన రెండూ తప్పాలంటే డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా అనువైన కాలం. అందులోనూ బడికి వెళ్లని పిల్లలున్న కుటుంబానికి ఒక వెసులుబాటుంది. సెలవులతో దానికి పని లేదు. క్రిస్మస్, సంక్రాంతి రద్దీ వదిలేసి జనవరి చివర్లో సోమవారం బయల్దేరితే గదులు దొరుకుతాయి, అద్దె దగ్గర బేరమాడే వీలూ ఉంటుంది.

దారిని పాప గడియారం ప్రకారం కత్తిరించుకోవాలి. ఏకబిగిన రెండు గంటలకు మించి నడపకూడదు. తెల్లవారుజామున అయిదున్నరకు నిద్రలో ఉన్న పాపను సీట్లో కూర్చోబెడితే శ్రీకాకుళంలో ఇడ్లీల వేళకు మెలకువ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే శ్రీకూర్మం. కూర్మావతారానికి ఉన్న అరుదైన ఆలయం అది. పెద్దావిడకు దర్శనం, పాపకు ఆలయంలో పెంచే నక్షత్ర తాబేళ్లు. టెక్కలి దాటాక తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతకాలమంతా కనిపిస్తాయి. బైనాక్యులర్స్ లేకపోయినా ఫరవాలేదు. ఆ రాత్రికి పలాస చాలు. జీడిపప్పు తిరుగు ప్రయాణంలో కొనుక్కోవచ్చు.

రెండో రోజు నడపాల్సింది వంద కిలోమీటర్ల లోపే. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ పెట్రోలు లీటరుకు ఆంధ్రప్రదేశ్ కంటే కొన్ని రూపాయలు తక్కువ కనుక సరిహద్దుకు చేరేసరికి ట్యాంకు సగం ఖాళీగా ఉండటమే మేలు. బరంపురంలో తెలుగు వినిపిస్తుంది, ఇడ్లీ, పెరుగన్నం దొరుకుతాయి. రాత్రి బస గోపాల్‌పూర్. ఒకనాటి ఈ రేవు పట్నంలో పాత గోడలు, దీపస్తంభం, ఇసుక తప్ప హడావుడి తక్కువ. సాయంత్రం నాలుగు తర్వాత ఒక ప్లాస్టిక్ బకెట్, గరిటె ఇస్తే పాపకు వేరే వినోదం అక్కర్లేదు. అయితే అలల్లోకి దించకూడదు. ఇక్కడి సముద్రం లోపలికి బలంగా లాగుతుంది.

మూడో రోజు రహదారి చిలికా సరస్సు పడమటి గట్టు వెంట సాగుతుంది. 1981లో దేశంలో మొదటిగా రామ్‌సర్ జాబితాకెక్కిన చిత్తడి నేలల్లో ఇదొకటి. బర్కుల్ దగ్గర పడవలుంటాయి. పాప ఒంటికి సరిపడే లైఫ్ జాకెట్ ఉంటేనే ఎక్కాలి. పెద్దవాళ్ల జాకెట్ తొడిగి సర్దుకుపోవడం కంటే గట్టున కూర్చుని పక్షుల్ని చూడటం నయం. ఇరావతీ డాల్ఫిన్ల కోసం పూరీ నుంచి 50 కిలోమీటర్ల అవతల ఉన్న సాతపడా వెళ్లాలన్న ఆశను ఈసారికి వదులుకోవాలి. వదులుకున్న ప్రతి చోటూ పెట్రోలును, ఓపికను మిగులుస్తుంది.

పూరీలో రెండు రాత్రులు. ఇక్కడే అసలు పరీక్ష. ఆలయం క్యూలో పసిపిల్లను ఎత్తుకుని నిలబడటం ముగ్గురికీ శిక్షే. కొడుకు, తల్లి తెల్లవారుజామునే దర్శనానికి వెళ్తే కోడలు, పాప గదిలో నిద్రపోవచ్చు. తర్వాత వంతు కోడలిది. ఆలయంలోని ఆనంద బజారులో మట్టికుండల్లో వండిన మహాప్రసాదం దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి లేని ఆ అన్నం, పప్పు పాపకూ పెట్టొచ్చు. మర్నాడు ఉదయం 35 కిలోమీటర్ల తీరపు రోడ్డులో కోణార్క్. ఈ దారికి ఒక చరిత్ర ఉంది. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. ఆ వంశానికి చెందిన అనంతవర్మ చోడగంగుడు పూరీ ఆలయానికి, నరసింహదేవుడు కోణార్క్‌కు కర్తలు. రాజులు నడిచిన బాటలోనే కుటుంబం కారు నడుస్తుంది.

తిరుగు ప్రయాణంలో బరంపురంలో ఒక రాత్రి ఆగాలి. మొత్తం అయిదు రాత్రులు. అదనపు పరుపు వేసిన ఒకే గదికి రోజుకు 1,800 చొప్పున 9,000. పక్కదారులతో కలిపి వెయ్యి కిలోమీటర్లకు, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారులో పెట్రోలు దాదాపు 7,000. టోలుకు 2,000, భోజనాలకు 6,000, పడవలు, ప్రవేశ రుసుములకు 2,000 తీసిపెట్టాలి. 26,000 అయింది. మరో 4,000 ముట్టుకోకుండా ఉంచాలి. అది డాక్టరు డబ్బు. రైల్లో అయిదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టే ఉండదు కనుక కేవలం పూరీ చూడటమే లక్ష్యమైతే రైలే చవక. కారు ఖర్చు ఆగినచోటల్లా ఆగడానికి పెట్టే ఖర్చు.

భోజనాల ఖర్చు తగ్గించేది డిక్కీలోని చిన్న సంచి. ఎలక్ట్రిక్ కెటిల్, పెసరపప్పు కలిపి వేయించి పొడి చేసిన ఉగ్గు, అటుకులు, అరటిపళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు. వాటితోపాటు ఓఆర్ఎస్ పొట్లాలు, పాప బరువును బట్టి డాక్టరు రాసిచ్చిన జ్వరం మందు, ఒక పాత దుప్పటి. హోటల్లో పాప తినకపోతే ఎవరూ కంగారు పడక్కర్లేదు.

చివరి సాయంత్రం పూరీ తీరంలో గడిస్తే అక్కడ మొనదేలిన టోపీలతో కాపలా కాసే నూలియాలు కనిపిస్తారు. స్నానాలకు దిగేవాళ్ల చెయ్యి పట్టుకుని అల దాటించే జాలర్లు వీళ్లు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చి పెంటకోట వాడలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారు వీళ్లలో ఎందరో. పాపను ఎంతవరకు తీసుకెళ్లొచ్చని అడిగితే జవాబు తెలుగులోనే రావచ్చు. ఆ జవాబు పాదాలు తడిసేంతవరకే అయితే, అక్కడే ఆగడం మంచిది.